పరికరాల ఫైళ్ళు, పింఛనుదారుల వేలిముద్రలు

(చంద్రశేఖరపురంలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "కంప్యూటర్ల గురించి ఏదైనా నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఏదైనా అంటే నా వల్ల కాదు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. సి భాషలో రాసిన ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టంకు అర్జీ పెట్టుకుని ఒక పరికరం పేరిట ఫైలు ఎలా తెరిపిస్తుందన్నది ఆ సంగతి. వెనుక వరుసలో ఇద్దరు నవ్వుకోవడం చూశాను. డెబ్బై దాటినవాళ్ళకు ఇదెందుకని వారి భావం కావచ్చు. నెల మొదట్లో సామాజిక పింఛను ఇవ్వడానికి ఇంటికొచ్చే సచివాలయం ఉద్యోగి ఫోనుకు తగిలించుకునే వేలిముద్ర యంత్రాన్ని మీరంతా చూశారు. మనం బతికే ఉన్నామని ఏటా రుజువు చేసుకునేది కూడా అలాంటి యంత్రం మీదనే. లోపల ఆ ఫైలు తెరుచుకుంటేనే యంత్రం పనిచేస్తుంది. తెరుచుకోనప్పుడు నింద మన వేలి మీద పడుతోంది. అందుకని ఇది మన సంగతే.

మనలో చాలామంది తాలూకా ఆఫీసుల కాలంలో సర్వీసులో చేరినవాళ్ళం. 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయినా, తపాలు పద్ధతి పోలేదు. టాటెన్‌హామ్ పద్ధతి అంటే ఇక్కడ సగం మందికి ఇప్పటికీ వేళ్ళు నొప్పి పుడతాయి. ఉత్తరం రాగానే తపాలు గుమస్తా దాని మీద ముద్ర వేసి సెక్షన్ అక్షరం వేసేవాడు. సెక్షన్ గుమస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కించి వరుస నంబరు ఇచ్చేవాడు. ఆర్.సి. బి. 125 అని అట్ట మీద కనబడితే చాలు, బి సెక్షన్‌లో 125వది అని అటెండరుకు కూడా తెలిసేది. అట్ట లోపల కాగితం ఉందా, ఎలకలు తిన్నాయా అన్నది వేరే విషయం. అట్ట ఉంది, దాని మీద పేరుంది, రెండు గుర్తులున్నాయి. ఈ అట్టను కాస్త గుర్తు పెట్టుకోండి.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మొదలుపెట్టారు. దాన్ని రాయడానికి రిచీగారు తయారు చేసిన భాషే సి. 1973 నాటికి యూనిక్స్‌ను ఆ భాషలోనే తిరగరాశారు. వారు చేసిన ఒక తెలివైన ఏర్పాటు ఏమిటంటే, ప్రింటరు కానీ, కీబోర్డు కానీ, డిస్కు కానీ, ప్రతి పరికరమూ ప్రోగ్రాముకు ఫైలులాగే కనబడాలన్నది. ఫైలు తెరువు, చదువు, రాయి, మూసెయ్యి. ఈ నాలుగు పనులు వచ్చిన ప్రోగ్రాం ఏ పరికరంతోనైనా మాట్లాడగలదు. ప్రింటరుకు ఒక భాష, డిస్కుకు ఒక భాష నేర్చుకోనక్కరలేదు. ఈ ఫైళ్ళన్నీ డెవ్ అనే డైరెక్టరీలో ఉంటాయి. డివైస్ అన్న మాటకు పొట్టి పేరు.

మన దేశంలో 1984లో బ్యాంకుల యంత్రీకరణ మీద ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షులు సి. రంగరాజన్‌గారు. ఆయనే తరువాత 1997లో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. ఆ నివేదిక తరువాతి సంవత్సరాల్లో బ్యాంకు శాఖల్లోకి యూనిక్స్ యంత్రాలు వచ్చాయి. యూనిక్స్ నడిచే చోట కౌంటరులో ఉండే ఒక్కో తెరకూ డెవ్‌లో ఒక్కో ఫైలు ఉండేది. కాబట్టి ఇది నిన్న మొన్నటి వింత కాదు.

ఇక ఆ ఫైలులో ఏముంటుంది? ఏమీ ఉండదు. మామూలు ఫైలులో ఉత్తరమో లెక్కో ఉంటుంది. పరికరపు ఫైలులో ఉండేది పేరు, రకం, ఎవరెవరికి అనుమతి అన్న చీటీ, రెండు సంఖ్యలు. అంతే. మొదటి సంఖ్యను మేజర్ నంబరు అంటారు. ఇది సెక్షన్ అక్షరం లాంటిది. లోపల ఏ డ్రైవరు ఈ పరికరాన్ని చూసుకోవాలో చెబుతుంది. డ్రైవరంటే ఇక్కడ పరికరాన్ని నడిపే ప్రోగ్రాం. రెండోది మైనర్ నంబరు. ఆ సెక్షన్‌లో ఎన్నోది అన్నది. లినక్స్‌లో ప్రింటరుకు 6, 0. మొదటి డిస్కుకు 8, 0. నల్ అనే పరికరం ఒకటుంది, దాని నంబరు 1, 3. దానికి ఏమి రాసినా తీసుకుంటుంది, కాదనదు, ఏదీ దాచదు. చదవబోతే అప్పుడే అయిపోయిందంటుంది. ఎన్ని అర్జీలైనా స్వీకరించి ఏదీ ఉంచని కార్యాలయాలు మనం చూడనివి కావు కనుక దీని గురించి ఎక్కువ చెప్పను.

రకం అన్నాను. ముఖ్యంగా రెండు. ఒకటి అక్షరం వెంట అక్షరం వచ్చే పరికరం, తపాలు వచ్చినట్టు. కీబోర్డు, వేలిముద్ర యంత్రం ఇందులోకి వస్తాయి. రెండోది రికార్డు రూము లాంటిది, ఏ కట్ట కావాలంటే ఆ కట్ట దింపుకోవచ్చు. డిస్కులు ఇందులోకి.

ఇప్పుడు ఈ ఫైలును పుట్టించే పిలుపు. దాని పేరు మేక్ నోడ్ అన్న రెండు మాటలను కుదించి ఎం.కె.నోడ్ అని పెట్టారు. సిస్టం కాల్ అంటే ప్రోగ్రాం కెర్నెల్ దగ్గరికి వెళ్ళి పెట్టుకునే అర్జీ. కెర్నెల్ అనేది ఆపరేటింగ్ సిస్టం లోపలి గుండె. ఈ అర్జీకి మూడు కాలములున్నాయి. మొదటి దానిలో ఫైలు పేరు, దారితో సహా. రెండో దానిలో రకమూ అనుమతీ కలిపి. మూడో దానిలో మేజర్, మైనర్ కలిపి ఒకే సంఖ్య. ఆ కలిపే పనికి మేక్‌డెవ్ అని వేరే ఉంది. పాత పద్ధతిలో మేజర్‌ను 256తో గుణించి మైనర్ కలిపేవారు. 189, 1 అయితే 48,385 అన్నమాట. అప్పట్లో ఉండగలిగినవి 256 సెక్షన్లు, సెక్షనుకు 256 సీట్లు. 2003లో వచ్చిన లినక్స్ 2.6 నుంచి 4,096 సెక్షన్లు, ఒక్కో దానిలో 10,48,576 సీట్లు. మన ఆఫీసుల్లో పోస్టులు మాత్రం ఎప్పుడూ ఇలా పెరగలేదు.

అనుమతి సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. చదవడానికి 4, రాయడానికి 2. రెండూ ఉంటే 6. మొదటి అంకె సొంతదారుకు, రెండోది అతని బృందానికి, మూడోది బయటివాళ్ళకు. 660 అంటే సొంతదారు, బృందం చదవవచ్చు, రాయవచ్చు. బయటివాళ్ళకు ఏమీ లేదు. సి భాషలో దీన్ని 0660 అని ముందు సున్నా పెట్టి రాయాలి. ఎడమవైపు సున్నాకు విలువ లేదని బడిలో మాస్టారు చెప్పారు కదా, ఇక్కడ ఉంది. ఆ సున్నా పెడితే ఎనిమిదుల లెక్క, పెట్టకపోతే పదుల లెక్క. పదుల లెక్కలోని 660ని ఎనిమిదుల్లోకి మారిస్తే 1224 వస్తుంది. చివరి మూడంకెలు చూడండి. సొంతదారుకు 2, అంటే రాయగలడు కానీ చదవలేడు. బయటివాళ్ళకు 4, వాళ్ళు హాయిగా చదువుకోవచ్చు. ఒక్క సున్నా పోయినందుకు ఇంటి యజమాని బయట, దారిన పోయేవాడు లోపల. మనవడి సి పాఠాల్లో ఈ లెక్క నేను చేతితో వేసి చూశాను, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. 0666 అడిగినా చేతికి 0644 రావడం. సి నేర్చుకునే పిల్లలు దీని దగ్గర తికమకపడతారు. పింఛనుదారులు మాత్రం వెంటనే పట్టేస్తారు. గ్రాస్ వేరు, నెట్ వేరు. ప్రతి ప్రోగ్రాము వెనకాల యూమాస్క్ అనే రికవరీ ఉత్తర్వు ఒకటి ఉంటుంది. అది 022 అయితే బృందానికీ బయటివాళ్ళకూ రాసే అనుమతి కోసుకుంటుంది. అడిగిన దానిలో లేనిదాన్ని కోయలేదు, ఉన్నదాన్నే కోస్తుంది. పూర్తి అనుమతి కావాలంటే ఫైలు పుట్టాక విడిగా ఇంకో అర్జీ పెట్టాలి. దాని పేరు సి.హెచ్.మాడ్.

అర్జీ మంజూరైతే జవాబు 0. కాకపోతే మైనస్ 1, దానితోపాటు ఒక అభ్యంతరం నంబరు. ట్రెజరీ వారు బిల్లు మీద ఆబ్జెక్షన్ రాసి పంపినట్టే. 17 అంటే ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది. 2 అంటే మీరు చెప్పిన డైరెక్టరీయే లేదు. 1 అంటే ఈ అర్జీ పెట్టే అధికారం మీకు లేదు. పరికరపు ఫైలు పుట్టించే అధికారం సూపర్ యూజరుకే, అంటే యంత్రం మొత్తానికి అధిపతి అయిన ఖాతాకే ఉంది. కారణం చెబుతాను. ఎవరో ఒక సామాన్య ఖాతాదారు 8, 0 అన్న సంఖ్యలతో తన సొంత డైరెక్టరీలో తనకు నచ్చిన పేరుతో ఒక ఫైలు చేసుకోగలిగితే, డిస్కు మొత్తాన్నీ ఆ ఫైలు ద్వారా చదివేయగలడు. ఒక్కో ఫైలుకూ విడివిడిగా పెట్టిన అనుమతులన్నీ వృథా. రికార్డు రూములో ప్రతి బీరువాకూ తాళం వేసి, వెనక గోడ పడగొట్టినట్టు. మన ఆధార్ నంబరు, పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా ఎవరి యంత్రంలోనో ఉంటున్న ఈ రోజుల్లో ఆ గోడ నిలబడి ఉండటం మనకు అవసరం.

ఒక చిన్న ముచ్చట. పాత యూనిక్స్‌లో కొత్త డైరెక్టరీ చేయాలన్నా ఎం.కె.నోడ్ పిలుపుతోనే చేసేవారు. దానికి కూడా అధిపతి అధికారమే కావాల్సి వచ్చేది. ఖాళీ అట్ట కుట్టుకోవడానికి కలెక్టరు సంతకం. తరువాత డైరెక్టరీకి వేరే పిలుపు పెట్టి ఆ బాధ తప్పించారు.

ఇప్పుడు అసలు చోటికి వస్తున్నాను. ఎం.కె.నోడ్ పిలుపు వచ్చినప్పుడు కెర్నెల్ ఆ పరికరం నిజంగా ఉందా లేదా అని చూడదు. ఏ ప్రింటరూ లేని యంత్రంలో 6, 0 అని ఫైలు చేయించుకోవచ్చు. 0 అని జవాబు వస్తుంది, డెవ్‌లో పేరు కనబడుతుంది. ఒకప్పుడు యంత్రం పెట్టగానే రాబోయే పరికరాలకు కూడా వందల ఫైళ్ళు ముందే చేసి ఉంచేవారు. భర్తీ కాని పోస్టులకు కూడా బల్లా కుర్చీ వేసినట్టు. అసలు విచారణ జరిగేది ఓపెన్ అనే మరో పిలుపు వచ్చినప్పుడు. అప్పుడు కెర్నెల్ ఆ రెండు సంఖ్యలు చూసి డ్రైవరును "ఉన్నావా" అని అడుగుతుంది. పలికితే పని మొదలు. పలకకపోతే అభ్యంతరం నంబరు 6, అటువంటి పరికరం లేదని.

మన పింఛను కూడా ఇలాగే నడుస్తోంది. పి.పి.ఓ. పుట్టిన రోజున మన పేరు, నంబరు రికార్డులో చేరాయి. అది ఉన్నంత మాత్రాన మనం ఉన్నట్టు కాదు కనుక ఏటా ఒకసారి "ఉన్నావా" అని అడుగుతారు. ఇదివరకు గెజిటెడ్ అధికారి సంతకంతోనో, బ్యాంకులో నిలబడో పలికేవాళ్ళం. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలయ్యాక ఆధార్‌తో, వేలిముద్రతోనో కంటిపాపతోనో పలకడం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఇది నవంబరు నెల పని. 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. రాష్ట్ర పింఛనుదారులు ఆ యేటి ఉత్తర్వులో గడువు చూసుకోవాలి.

ఆ ఫోనులో ఏం జరుగుతుందో ఇప్పుడు చెబితే మీకు తేలికగా అర్థమవుతుంది. చాలా ఫోన్లు ఆండ్రాయిడ్‌వి. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నెల్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండ్ విద్యార్థి మొదలుపెట్టినది, యూనిక్స్ పోకడలోనే. ఇళ్ళలో వాడే లినక్స్ కంప్యూటర్లలో 2009 తరువాత కెర్నెలే చాలావరకు డెవ్‌ను నింపుకుంటోంది. ఆండ్రాయిడ్‌లో మాత్రం యూఈవెంట్‌డి అనే ప్రోగ్రాం ఒకటి అధిపతి అధికారంతో కూర్చుని ఉంటుంది. వేలిముద్ర యంత్రం తీగ తగిలించగానే కెర్నెల్ దానికి కబురు పెడుతుంది. అది వెంటనే ఎం.కె.నోడ్ పిలుపు పెడుతుంది. డెవ్‌లో బస్, అందులో యూ.ఎస్.బి., అందులో 001, దాని కింద 002 అన్న ఫైలు పుడుతుంది. మేజర్ 189, మైనర్ 1. అనుమతి 0660. అంటే జీవన్ ప్రమాణ్ యాప్ కానీ, యంత్రం కంపెనీవారి సర్వీసు ప్రోగ్రాం కానీ తమంతట తాము దాన్ని తెరవలేవు. అందుకే తెర మీద "ఈ యాప్‌కు యూ.ఎస్.బి. పరికరాన్ని వాడుకునే అనుమతి ఇవ్వాలా" అని చిన్న పెట్టె వస్తుంది. సరే అని నొక్కితే సిస్టమే ఆ ఫైలు తెరిచి యాప్ చేతికిస్తుంది. తొందరలో ఆ పెట్టెను కాదని నొక్కితే యంత్రం మీద దీపం వెలుగుతూనే ఉంటుంది, పని జరగదు.

తీగ ఒక్కసారి కదిలి ఊడి తగిలితే పాత ఫైలు పోతుంది, 003 అన్న కొత్త ఫైలు పుడుతుంది. అనుమతి మళ్ళీ అడగవచ్చు. కొన్ని ఫోన్లలో ఓ.టి.జి. అన్న అమరిక ఉంటుంది. పది నిమిషాలు వాడకపోతే అది తనంతట తానే ఆగిపోతుంది. ఆగితే యంత్రానికి కరెంటే లేదు, ఫైలూ లేదు.

రెండేళ్ళ కిందట మా వదినగారికి జరిగింది చెబుతాను. ఆమెకు 82 ఏళ్ళు. మా అన్నగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, ఇప్పుడు ఆమెకు కుటుంబ పింఛను. అక్టోబరులో ఒక కేంద్రానికి వెళితే, నాలుగుసార్లు వేలు పెట్టించి, "ముద్రలు అరిగిపోయాయి, ఆధార్ మార్పించుకుని రండి" అని పంపేశారు. పొగాకు నాట్లలో, కలుపుల్లో గడిచిన చేతులు ఆమెవి. ఎవరైనా నమ్ముతారు. పలకల గనుల్లో పనిచేసిన మార్కాపురం వైపు వారికి ఇది ఇంకా బాగా తెలుసు. ఇంటికి వచ్చి, "ఏమయ్యా, నా వేళ్ళు అరిగి పొయినయ్యంట, ఇంక పింఛను రాదా?" అని అరుగు మీద కూలబడింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మరునాడు నేను వెంట వెళ్ళాను. కుర్రవాడు మంచివాడే, కానీ తెర మీద వచ్చేది చదవకుండా మూసేస్తున్నాడు. ఆపి చూశాను. 720 అని ఉంది.

ఈ రెండు నంబర్లు దయచేసి రాసుకోండి. 720 అంటే పరికరం సిద్ధంగా లేదు. వేలి దాకా రానే లేదు. 300 అంటే వేలిముద్ర ఆధార్‌లోని దానితో సరిపోలలేదు. మొదటిది తీగ, ఓ.టి.జి., అనుమతి పెట్టె, యంత్రం సర్వీసు ప్రోగ్రాం, వీటిలో ఎక్కడో ఆగినది. దానికి ఆధార్ మార్పించుకోనక్కరలేదు, బస్సెక్కనక్కరలేదు. రెండోది నిజంగా ముద్ర సమస్య. దానికి వేరే మార్గాలున్నాయి.

తీగ తీసి మళ్ళీ పెట్టించాను. అనుమతి పెట్టె వచ్చింది, సరే నొక్కించాను. అప్పుడు వేలు పెడితే బొటనవేలికి రెండుసార్లు 300 వచ్చింది. చెయ్యి తుడిపించి ఎడమ ఉంగరపు వేలు పెట్టిస్తే ఒక్కసారికే పడింది. పది వేళ్ళలో ఏదైనా చెల్లుతుంది. చాలా కేంద్రాల్లో బొటనవేలు దాటి అడగరు, మనమే అడగాలి.

ఏ వేలూ పడకపోతే 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఉంది. ఫోను కెమెరాకు కూడా డెవ్‌లో ఫైలుంది, లినక్స్‌లో దాని మేజర్ 81. కానీ అది ఫోనులోనే బిగించి ఉంటుంది కనుక తీగ ఊడే బెడద లేదు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోవాలి, వెనక కిటికీ ఉండకూడదు. మంచం దిగలేనివారికి 2020 నుంచి తపాలా శాఖవారి పేమెంట్స్ బ్యాంకు ద్వారా ఇంటికొచ్చి చేసే ఏర్పాటు ఉంది, కొద్ది రుసుము తీసుకుంటారు. కేంద్ర పింఛనుదారులకు బ్యాంకులో కాగితం మీద ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఏది చేసినా ప్రమాణ్ ఐ.డి. నంబరు రాసి తెచ్చుకోండి. అది చేతిలో లేకుండా కేంద్రం మెట్లు దిగవద్దు.

ఇంకొక జాగ్రత్త. యంత్రం పలకనప్పుడు కొందరు చురుకైన కుర్రవాళ్ళు అన్ని పరికరాల అనుమతులనూ 666 చేసేస్తారు, లేదా ఫోనునంతా అధిపతి అధికారంలోకి తెచ్చుకుంటారు. ఆ పూటకు పని జరిగితే సంతోషంగానే ఉంటుంది. ఇందాక చెప్పిన వెనక గోడ అక్కడే పడిపోతుంది. అలాంటి ఫోను మీద వేలు పెట్టవద్దని మా ఇంట్లో వారికి చెప్పాను, మీకూ చెబుతున్నాను.

ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఇందాక ఒక చీటీ వచ్చింది. తీగ తీసేస్తే ఆ ఫైలును ఎవరు తీసేస్తారని. మంచి ప్రశ్న. యూఈవెంట్‌డియే తీసేస్తుంది. అన్‌లింక్ అనే పిలుపు పెడుతుంది. చేత్తో ఎం.కె.నోడ్ చేసిన ఫైలైతే చేసినవారే తీయాలి. లేకపోతే పరికరం పోయినా పేరు అలాగే ఉండిపోతుంది. పింఛను రికార్డులో ఈ అన్‌లింక్ మన కుటుంబమే పెట్టాలి. పింఛనుదారు పోయిన సంగతి బ్యాంకుకు, ట్రెజరీకి వెంటనే తెలియజేయకపోతే డబ్బు ఖాతాలో పడుతూనే ఉంటుంది, తరువాత వాపసు రాబడతారు. దుఃఖంలో ఉన్న ఇంటికి ఆ నోటీసు రావడం నేను చూశాను. పి.పి.ఓ.లో భార్య లేదా భర్త పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని ఈ వారమే తీసి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కుటుంబ పింఛను మొదలవడానికి నెలలు పడుతుంది. ఇప్పుడైతే మీరే వెళ్ళి సరిచేయించవచ్చు.

బల్ల మీద రెండు తీగలు పెట్టాను. చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఒకటి చార్జింగుకే పనికొస్తుంది, దానితో దీపం వెలుగుతుంది కానీ ఫైలు పుట్టదు. రెండోదానితో రెండూ జరుగుతాయి. టీ తాగేలోపు వచ్చిన వారికి వేలిముద్ర యంత్రం పెట్టి చూపిస్తాను. సెలవు.